చిట్టీ బుక్కు ఎవరి దగ్గరుంది?

మా ఇంట్లో వంటగది తలుపు వెనకాల ఒక క్యాలెండర్ ఉంటుంది. అందులో తిథులు, రాహుకాలాలు ఎవరూ పెద్దగా చూడరు. పాలవాడికి ఎంత ఇచ్చాం, గ్యాస్ బండ ఎప్పుడు మార్చాం, చిట్టీ ఎంత కట్టాం అన్నవి మాత్రం అమ్మ తేదీ గడిలోనే పెన్నుతో రాస్తుంది. చిన్నప్పుడు నాకు అది వింతగా ఉండేది. రెండో సెమిస్టర్‌లో బ్లాక్‌చైన్ గురించి చదివాకే దాని విలువ అర్థమైంది.

మాది కోహీర్. జామకాయలకు పేరున్న ఊరు. జహీరాబాద్ వైపు వెళ్లేవాళ్లు గంపలో పచ్చగా కనిపించేవి ఎక్కడివని అడిగితే అమ్మేవాళ్లు మా ఊరి పేరే చెప్తారు. అయితే ఇక్కడ చెప్పబోయేది జామకాయల గురించి కాదు, చిట్టీ గురించి.

నేను ఇంటర్‌లో ఉండగా అమ్మ ఒక లక్ష రూపాయల చిట్టీలో చేరింది. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000. బీటెక్ మొదటి సంవత్సరం హాస్టల్ ఫీజు టైముకి ఎత్తుదామని ఆమె లెక్క. చిట్టీ నడిపింది మా గల్లీలోనే ఉండే ఒకాయన. ఆయన దగ్గర ఎర్ర అట్ట ఉన్న పొడుగు బుక్కు ఒకటుండేది. ప్రతి నెలా పదో తారీఖు రాత్రి ఆయన ఇంటి ముందర పాట. ఎవరు ఎంత తగ్గించి పాడారు, ఎవరికి ఎంత ఇచ్చారు, అన్నీ ఆ బుక్కులోనే.

చిట్టీ తెలియనివాళ్ల కోసం ఒక్క నెల లెక్క చెప్తాను. ఒకరు 18,000 తగ్గించి పాడారనుకుందాం. ఆయనకు చేతికి 82,000 వస్తాయి. ఆ 18,000లోంచి నడిపే ఆయన కమీషన్ 5,000 పోతే 13,000 మిగులుతుంది. దాన్ని ఇరవై మందికి పంచితే తలా 650. కాబట్టి ఆ నెల ప్రతి ఒక్కరూ 5,000కు బదులు 4,350 కడితే చాలు. పాట ఎంత ఎక్కువకు పోతే అందరికీ కట్టేది అంత తగ్గుతుంది.

అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. దసరా ముందర చేతినిండా పని. ఆ నెల పాటకు పోలేకపోయింది. మర్నాడు ఆయనే వచ్చి పాట పద్దెనిమిదికి పోయిందని చెప్పి 4,350 తీసుకెళ్లాడు. అమ్మ క్యాలెండర్‌లో రాసుకుంది: ‘చిట్టి 4350’.

ఏడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పక్కింటి వదినతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే మాట మీద మాట వచ్చింది.

“దసరా నెల పాట ఇరవై నాలుగుకు పోయింది గద వదినా. గప్పుడు నాలుగు వేల యాభయ్యే కట్టిన” అంది ఆమె.

“గదేంది? నాతోని నాలుగు వేల మూడు వందల యాభై కట్టిచ్చుకున్నడు” అంది అమ్మ.

వదిన నమ్మలేదు. అమ్మ లేచి వెళ్లి పాత క్యాలెండర్ తెచ్చింది. వదిన వాళ్లింట్లో కూడా క్యాలెండర్ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. అమ్మ పాటకు పోని మూడు నెలల్లో మూడూ తేడానే. పోయిన నెలల్లో ఒక్క రూపాయి కూడా తేడా లేదు. అంటే పాటకు వచ్చినవాళ్లకు ఒక లెక్క, రానివాళ్లకు ఇంకో లెక్క.

అడగడానికి పోతే ఆయన ఎర్ర బుక్కు తీశాడు. అందులో 18,000 అనే ఉంది. బుక్కులో ఉన్నదే లెక్క అన్నాడు. ఆ నెల చిట్టీ ఎత్తినాయన ఆయనకు బంధువు, నోరు మెదపలేదు. గొడవ పెద్దదై పదకొండో నెలలో చిట్టీ కూలిపోయింది. అప్పటికే ఎత్తినవాళ్లు కట్టడం మానేశారు, ఎత్తనివాళ్లు మునిగారు. అమ్మ కట్టింది 48,000 దాటింది. తిరిగొచ్చింది 31,000, అదీ ఏడాదిన్నర పాటు విడతలు విడతలుగా. నా హాస్టల్ ఫీజుకు మా మామ దగ్గర అప్పు చేశాం.

ఇప్పుడు కాలేజీకి వద్దాం. నేను ఒక బ్లాక్‌చైన్ వర్క్‌షాప్‌కు వెళ్లాను. మొదటి గంటలో అందరితో వ్యాలెట్ పెట్టించారు. రెండో గంటలో టెస్ట్‌నెట్ మీద మన పేరుతో ఒక టోకెన్ తయారు చేయించారు. మూడో గంటలో సర్టిఫికెట్లు. లింక్డ్ఇన్‌లో పోస్టులు కూడా పడిపోయాయి. మేం చైన్ మీద రాశాం. కానీ మేం రాసింది చైన్‌లో ఎలా ఉంది, పక్కవాడు రాసింది నేనెలా చూడాలి, మొన్నటి వరకూ ఏమేం జరిగాయి అని అడిగే పద్ధతి ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బ్లాక్‌చైన్ నేర్చుకునే మనం రాయడం కంటే ముందు చదవడం నేర్చుకోవాలి. ఎవరైనా ‘మా వ్యవస్థ బ్లాక్‌చైన్ మీద ఉంది’ అని గొప్పగా చెప్తే మొదట అడగాల్సింది ఒక్కటే: దాన్ని చదివే హక్కు ఎవరికి ఉంది? ఆ జవాబు లేకపోతే అది ఖరీదైన ఎర్ర అట్ట బుక్కే.

చదవడం అంటే ఏంటో కొంచెం చెప్పాలి. ఇంగ్లీషులో క్వెరీ అంటాం. తెలుగులో దానికి మాటేంటని మన క్లబ్ గ్రూపులో అడిగితే అరగంట చర్చ జరిగింది. నాకు నచ్చింది మాత్రం మా నాయనమ్మ వాడే మాట, ‘ఆరా తీయడం’. చైన్‌ను ఆరా తీయడం చాలా తేలిక, దానికి వ్యాలెట్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఇథీరియం లాంటి పబ్లిక్ చైన్‌లో ప్రపంచమంతటా వేల నోడ్లు ఉంటాయి. ఒక్కో నోడ్ దగ్గర లెక్కల పుస్తకం కాపీ ఉంటుంది. మనం నాలుగు లైన్ల జేసన్ పంపిస్తే చాలు: ప్రోటోకాల్ వెర్షన్, మెథడ్ పేరు, పారామీటర్లు, ఒక ఐడీ. పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడినవాళ్లకు పది నిమిషాల పని. కీ అడగని పబ్లిక్ ఎండ్‌పాయింట్లు కూడా ఉన్నాయి.

నేను మొదట అడిగింది ‘ఈత్_బ్లాక్‌నంబర్’. అంటే ఇప్పుడు పుస్తకం ఎన్నో పేజీలో ఉందని. జవాబు హెక్సాడెసిమల్‌లో వస్తుంది. ఉదాహరణకు 0ఎక్స్1312డీ00 అని వస్తే రెండు కోట్లు అని అర్థం. పన్నెండు సెకన్లు ఆగి మళ్లీ అడిగితే నంబర్ పెరిగి ఉంటుంది. నాకు ఆ రెండో జవాబు చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. వర్క్‌షాప్‌లో టోకెన్ చేసినప్పుడు అలా అనిపించలేదు.

బిట్‌కాయిన్‌తో మొదలుపెట్టాలంటే జీరో నంబర్ బ్లాక్‌ను అడగండి. దాని టైమ్‌స్టాంప్ 1231006505 అని వస్తుంది. మామూలు తేదీగా మారిస్తే 2009 జనవరి 3. అందులో ఆ రోజు లండన్ టైమ్స్ పత్రిక హెడ్‌లైన్ కూడా దాగి ఉంటుంది. అప్పటికి నాకు మూడేళ్లు. ఆ రోజు రాసిన పేజీని కోహీర్‌లో మంచం మీద పడుకుని, ఎవరి పర్మిషనూ లేకుండా చదివాను. నా దృష్టిలో ఈ టెక్నాలజీ గొప్పతనం అదే. కాయిన్ రేటు కాదు.

అయితే చదవడం తేలికైనా సరిగ్గా చదవడం తేలిక కాదు. నేను చేసిన తప్పులు చెప్తాను, మీకు టైం కలిసొస్తుంది.

మొదటిది దశాంశాలు. ఇథీరియంలో బ్యాలెన్స్ వెయ్‌లలో వస్తుంది. ఒక ఈథర్ అంటే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాల వెయ్‌లు. నేను దాన్ని నేర్చుకుని ప్రతి దాన్నీ దాంతోనే భాగించడం మొదలుపెట్టాను. యూఎస్‌డీటీ టోకెన్‌కు మాత్రం ఆరు దశాంశాలే. 2,500 ఉన్న అడ్రస్‌ను చూసి ‘ఇందులో ఏమీ లేదు, 0.0000000025 ఉంది’ అని రూమ్మేట్లకు చెప్పాను. అంకె సరిగ్గానే వచ్చింది, నేనే తప్పు చదివాను. టోకెన్‌ను ముందు దాని డెసిమల్స్ ఎంతో అడగాలి. జావాస్క్రిప్ట్ వాడేవాళ్లకు ఇంకో గుంత ఉంది. మామూలు నంబర్ టైపు రెండు టు ది పవర్ 53 దాటితే చివరి అంకెల్ని తిన్నగా పెట్టుకోలేదు. వెయ్‌ల లెక్క దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. అక్కడ బిగ్‌ఇంట్ వాడాలి.

రెండోది సగం లెక్క. ఒక టోకెన్ చేతులు మారిన రికార్డులు కావాలంటే ‘ఈత్_గెట్‌లాగ్స్’ తో ట్రాన్స్‌ఫర్ ఈవెంట్లు అడగాలి. సర్వీసు ఇచ్చేవాళ్లు ఒకసారికి ఇన్ని రికార్డులే, ఇన్ని బ్లాకులే అని హద్దు పెడతారు. నేను మొదటి పేజీ మాత్రం తీసుకుని మొత్తం కూడాను. ప్రోగ్రామ్‌కు ఎర్రర్ రాలేదు. ఎర్రర్ వచ్చుంటే బాగుండేది. తప్పు జవాబు నిశ్శబ్దంగా వస్తే దాన్ని పట్టుకోవడం కష్టం, అమ్మ కట్టిన 4,350 లాగే. బ్లాకుల్ని ముక్కలుగా చేసి వరసగా అడగాలి, చివరి ముక్క వచ్చిందో లేదో చూసుకోవాలి.

మూడోది తొందర. ‘లేటెస్ట్’ అని అడిగితే తాజా బ్లాక్ వస్తుంది. కానీ కొత్త బ్లాక్ అరుదుగానైనా పక్కకు పోవచ్చు, దాని స్థానంలో ఇంకోటి రావచ్చు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారాక, ఒక బ్లాక్ ఖాయం కావడానికి మామూలుగా పదమూడు నిమిషాల దాకా పడుతుంది. డబ్బు లెక్క చూస్తున్నప్పుడు ‘ఫైనలైజ్డ్’ అని అడగాలి. పాట ఇంకా నడుస్తుండగానే ఎంతకు పోయిందో రాసుకోం కదా.

నాలుగోది ఏపీఐ కీ. గిట్‌హబ్‌లో కోడ్‌తో పాటు కీ కూడా పెట్టేశాను. దీని గురించి ఎక్కువ చెప్పను, సిగ్గేస్తుంది. కీని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి.

అయిదో తప్పును తప్పు అని తెలుసుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. నేను వేల నోడ్లు ఉన్న చైన్‌ను చదువుతున్నా అనుకున్నాను. నిజానికి నేను ఒక కంపెనీ సర్వర్‌ను అడుగుతున్నాను. అది ఏం చెప్తే అది నమ్ముతున్నాను. మధ్యలో వాళ్లు ఒక అంకె మార్చి పంపినా నాకు తెలియదు. చైన్ ఎంత గట్టిదైనా దాన్ని చూసే కిటికీ ఒకరి చేతిలోనే ఉంటే, మళ్లీ మనం ఎర్ర బుక్కు ముందర కూర్చున్నట్టే.

దీనికి మందు ఉంది. ఒకే ప్రశ్నను ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరిని అడగాలి, అదీ ఒకే బ్లాక్ నంబర్ చెప్పి. జవాబులు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంకొంచెం లోతుకు పోయేవాళ్లకు ‘ఈత్_గెట్‌ప్రూఫ్’ అని ఒక మెథడ్ ఉంది. అది బ్యాలెన్స్‌తో పాటు మెర్కిల్ ప్రూఫ్ కూడా ఇస్తుంది. బ్లాక్ హెడర్ మీద నమ్మకం ఉంటే ఆ ప్రూఫ్‌ను మన ల్యాప్‌టాప్‌లోనే సరిచూసుకోవచ్చు, మధ్యలో ఉన్నవాడిని నమ్మే పని లేదు. అన్నిటికన్నా గట్టిది సొంత నోడ్ నడపడం. హాస్టల్ వైఫైతో అది జరిగే పని కాదు, డిపార్ట్‌మెంట్ ల్యాబులో మాత్రం జరుగుతుంది.

ఇద్దరిని అడిగి పక్కపక్కన పెట్టి చూసే ఫంక్షన్ రాస్తున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది అమ్మా, వదినా చిక్కుడుకాయలు ఒలుస్తూ చేసిన పనే.

ఇక మన రాష్ట్రం సంగతి. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ బ్లాక్‌చైన్ కాంగ్రెస్ జరిగింది. బ్లాక్‌చైన్ డిస్ట్రిక్ట్ ఆలోచన అప్పుడే ముందుకొచ్చింది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది టీ-చిట్స్. తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ రిజిస్టర్డ్ చిట్‌ఫండ్ల కోసం తెచ్చిన బ్లాక్‌చైన్ ఆధారిత వ్యవస్థ ఇది. తయారు చేసింది హైదరాబాద్ స్టార్టప్ చిట్‌మాంక్స్. ప్రపంచమంతా కాయిన్ల గురించి మాట్లాడుతుంటే మన దగ్గర చిట్టీల గురించి ఆలోచించారు. మన బతుకులోంచి పుట్టిన ఆలోచన కాబట్టి నాకు గర్వంగా ఉంది.

అసలు రెండో కాపీ ఉండాలన్న ఆలోచన కంప్యూటర్లవాళ్లది కూడా కాదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ నడపడం ఆ చట్టం ప్రకారం నేరం. ప్రతి పాటకూ మినిట్స్ రాయాలి, అక్కడున్న చందాదారులు సంతకం పెట్టాలి, దాని కాపీ రిజిస్ట్రార్‌కు చేరాలి. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు చందాదారులు వీడియో కాన్ఫరెన్స్ ద్వారా కూడా హాజరు కావచ్చని చేర్చారు. నడిపేవాళ్ల కమీషన్ హద్దును 5 శాతం నుంచి 7 శాతానికి పెంచారు. మా గల్లీ చిట్టీ ఈ చట్టం బయట నడిచింది కాబట్టి అమ్మకు ఇవేవీ అక్కరకు రాలేదు.

ఇక్కడే నా పేచీ. చైన్‌లలో రెండు రకాలు. పబ్లిక్ చైన్‌ను ఎవరైనా చదవొచ్చు. పర్మిషన్డ్ చైన్‌ను అనుమతి ఉన్నవాళ్లే చదవగలరు. ప్రభుత్వ పనులకు రెండో రకమే ఎక్కువ వాడతారు, దానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఏ రకమైనా, జనం డబ్బు లెక్క అందులో ఉన్నప్పుడు ఆ జనానికి చదివే తలుపు ఉండాలి. చందాదారు తన చిట్టీలో ఈ నెల పాట ఎంతకు పోయిందో మూడో మనిషిని అడగకుండా తెలుసుకోవాలి. విద్యార్థి పేర్లు లేని మొత్తం లెక్కల్ని ఏపీఐతో తీసుకుని పరిశీలించగలగాలి. రాసే అధికారం కొద్దిమందికే ఇవ్వండి, ఒప్పుకుంటాను. చదివే అధికారాన్ని కూడా కొద్దిమందికే ఇస్తే అది బ్లాక్‌చైన్ అయినా, కాకపోయినా మాకు తేడా ఏముంటుంది?

దీనికి మా రూమ్‌లో వచ్చిన అభ్యంతరాలు మూడు.

మొదటిది, ప్రైవసీ. ఎవరు చిట్టీ ఎత్తారో ఊరంతా చూడాలా? అక్కర్లేదు. చిట్టీ ఎత్తిందని తెలిస్తే మర్నాడే అప్పు అడగడానికి చుట్టాలు దిగుతారు, నాకు తెలుసు. దీనికి మంచి దారి జార్జియా దేశం చూపించింది. 2016లో ఆ దేశపు రిజిస్ట్రీ సంస్థ బిట్‌ఫ్యూరీ అనే కంపెనీతో కలిసి భూమి పత్రాల హ్యాష్‌లను బిట్‌కాయిన్ చైన్‌కు ముడిపెట్టే పని మొదలుపెట్టింది. పత్రం బయటికి రాదు. కానీ పత్రం మన చేతిలో ఉంటే అది మారిందో లేదో సరిచూసుకోవచ్చు. అయితే దీన్ని జాగ్రత్తగా చేయాలి. ఫోన్ నంబర్‌ను ఉత్తగా హ్యాష్ చేసి పెడితే దాచినట్టు కాదు. పది అంకెల నంబర్లన్నిటికీ హ్యాష్‌లు లెక్కవేసి పోల్చి చూడటం మామూలు కంప్యూటర్‌తోనే అయిపోతుంది. ఊహించలేని సాల్ట్ కలపాలి.

రెండోది, మా రూమ్మేట్ అడిగింది: “రేయ్, వాడు చైన్‌లో కూడా 18,000 అనే ఎక్కిస్తే?” ఎక్కిస్తాడు. బ్లాక్‌చైన్ తనలో రాసింది నిజమో కాదో చెప్పదు, రాసినదాన్ని మార్చనివ్వదు, అంతే. తప్పు రాస్తే తప్పే శాశ్వతంగా ఉంటుంది. కానీ అందరూ అదే అంకె చూస్తారు. పాట దగ్గర కూర్చుని ఇరవై నాలుగు అని చెవులతో విన్న పదిమంది మర్నాడు ఫోన్‌లో పద్దెనిమిది చూస్తే ఊరుకుంటారా? మోసం జరగకుండా ఆగుతుందని నేననను. ఏడు నెలలకు బదులు ఒక్క రోజులో బయటపడుతుంది. ఒక్క రోజులో బయటపడితే అమ్మకు పోయేది 300. ఏడు నెలలు ఆలస్యమైంది కాబట్టి పోయింది 17,000 పైన.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. అందరికీ చూసే వీలున్న మామూలు డేటాబేస్ పెట్టినా ఇదంతా జరుగుతుంది కదా, బ్లాక్‌చైన్ ఎందుకు? నిజమే. చాలా చోట్ల అదే చాలు, బ్లాక్‌చైన్ అనే పేరు పోస్టర్ కోసమే తగిలిస్తారు. పుస్తకం రాసేవాడే పాత పేజీని రాత్రికి రాత్రి మార్చేస్తాడన్న భయం ఉన్నచోట మాత్రమే దాని అవసరం. మా ఎర్ర బుక్కు విషయంలో ఆ భయం ఉండింది. కానీ ఈ అభ్యంతరం నా మాటనే బలపరుస్తుంది. చైన్ ఉన్నా లేకపోయినా చదివే హక్కు కావాలి. చదివే హక్కు లేని చైన్ కంటే, గోడ మీద అంటించిన కాగితం మేలు.

కాబట్టి మన కాలేజీలో మూడు పనులు చేద్దామని నా ప్రతిపాదన. బ్లాక్‌చైన్ మీద ఏ వర్క్‌షాప్ పెట్టినా మొదటి గంట క్వెరీకి ఇవ్వాలి. టోకెన్ తయారీ తర్వాత చూసుకోవచ్చు. మినీ ప్రాజెక్టులకు ‘బ్లాక్‌చైన్ బేస్డ్’ అని పేరు పెట్టేవాళ్లను రివ్యూలో ఒక్క మాట అడగాలి: బయటివాడు మీ సిస్టమ్‌ను మీ సాయం లేకుండా ఎలా చెక్ చేస్తాడు? చూపించలేకపోతే ఆ మాట టైటిల్‌లోంచి తీసేయాలి. నా ప్రాజెక్టు నుంచే మొదలుపెట్టండి, ప్రస్తుతం నా దగ్గర కూడా ఆ పేజీ లేదు. ఇక మూడోది, డిపార్ట్‌మెంట్ ల్యాబులో ఒక్క పాత సిస్టమ్‌కు పెద్ద ఎస్ఎస్‌డీ పెట్టి సొంత నోడ్ నడపాలి. జూనియర్లు ఎవరి కీ కోసం అడుక్కోకుండా ఆరా తీయడం నేర్చుకుంటారు.

ఉద్యోగాల కోణంలో కూడా ఇది నష్టం కాదు. హెక్స్ అర్థం చేసుకోవడం, పేజీలుగా వచ్చే డేటా మొత్తం తెచ్చుకోవడం, రేట్ లిమిట్ వస్తే ఆగి మళ్లీ అడగడం, వచ్చిన జవాబును ఇంకోదానితో పోల్చడం ఏ డేటా ఉద్యోగంలోనైనా పనికొస్తాయి. చైన్ ఫ్యాషన్ రేపు పోయినా ఇవి పోవు.

పోయిన సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు నా స్క్రిప్ట్ చూపించాను. బ్లాక్ నంబర్ మారుతుంటే కాసేపు చూసింది. తర్వాత అడిగింది.

“దీన్ల రాసింది ఎవలన్న సూడొచ్చా?”

“ఎవరైనా చూడొచ్చమ్మా.”

“చెరిపితే?”

“చెరపడానికి రాదు.”

“తప్పు రాస్తే?”

“తప్పే ఉంటది. దాని కింద సరైంది మళ్లీ రాయాలె.”

అమ్మ కొంచెంసేపు ఆలోచించింది. “మంచిదే. అయినా నువ్వు ఏరేగ రాసి పెట్టుకో బిడ్డా” అంది.

అమ్మ ఇప్పుడు చిట్టీలు మానేసింది. మహిళా సంఘంలో పొదుపు చేస్తోంది. అక్కడ మీటింగ్‌లో లెక్కలన్నీ పైకి చదువుతారట. ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత తీసుకున్నారో, చదువు రాని ఆమెకు కూడా చెవిన పడేలా. బుక్కు లీడర్ దగ్గరే ఉంటుంది, కానీ ప్రతి ఒక్కరి చేతిలో తమ పాస్‌బుక్కు ఉంటుంది. అమ్మ మాత్రం అది కూడా చాలదని తలుపు వెనక క్యాలెండర్‌లో రాస్తూనే ఉంది. ఈ నెల గడిలో పొదుపు పక్కన ఇంకో అంకె కూడా ఉంది. మామ అప్పులో ఇంకా మిగిలింది అది. దాన్ని మాత్రం నన్ను చదవొద్దంది. నేను చదివాను.